మొదటి పేరు ఛైర్మన్‌గారిది

నా నోరు మంచిది కాదని మా అమ్మే ఊరంతా చాటింది. కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ రెండువేల ఏడు జూన్‌లో పందొమ్మిదిమంది ఆడపిల్లల విషయంలో జరిగిన తప్పుకి నా నోరు కారణం కాదు. మాట్లాడాల్సిన చోట అది మూసుకుని కూర్చోవడమే కారణం.

తిరువూరులో దశరథరామయ్యగారి ట్రస్టుకి ఒకే కాంపౌండులో జూనియర్ కాలేజీ, నర్సింగు స్కూలు, లైబ్రరీ, మామిడి రైతుల సంఘం ఆఫీసు ఉండేవి. నేను, సుధామయిని, అక్కడ కంప్యూటర్ల ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి అంటే ఏదో అనుకునేరు. మౌసులో ఇరుక్కున్న దుమ్ము గోటితో గీకేదీ నేనే, సర్వర్లు చూసేదీ నేనే.

నాలుగింటికీ నాలుగు వెబ్‌సైట్లు కావాలన్నారు. చేసిపెట్టాను. కానీ బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ లైను ఒక్కటే, ఆ లైనుకి ఉన్న నంబరూ ఒక్కటే. అందుకని ముందుగదిలో ఒక పాత కంప్యూటర్‌ని కాపలా కూర్చోబెట్టాను. దాన్ని ప్రాక్సీ సర్వర్ అంటారు. ఆసుపత్రి గుమ్మంలో కూర్చునే మనిషి ఏం చేస్తుందో అదీ అదే చేస్తుంది. వచ్చినవాళ్లు ఏ పేరు అడిగితే లోపల ఆ పేరున్న కంప్యూటర్ దగ్గరికి పంపిస్తుంది. ఎవరిని ఎక్కడికి పంపాలో నేను రాసిపెట్టిన జాబితా చూసుకుంటుంది. ఒక్కటే మెలిక. పేరు చెప్పకుండా ఉత్త నంబరుతో వచ్చినవాళ్లని జాబితాలో మొట్టమొదట ఎవరుంటే వాళ్ల దగ్గరికి తోలేస్తుంది.

ఈ మెలికని నేను వాడుకున్నాను కూడా. ఆ యేడు ఛైర్మన్ దశరథరామయ్యగారికి అరవై నిండుతున్నాయి. ఆ సందర్భంగా నర్సింగు స్కూల్లో ముప్పై సీట్లూ ఉచితం అన్నారు. ఆ ఒక్క యేడాదికే. ఇంటర్ మార్కుల ప్రకారం సీట్లు, దరఖాస్తులు కంప్యూటర్ మీదే పంపాలి. పల్లెల్లో ఫోను లైను మీద నడిచే ఇంటర్నెట్టుకి మా సైటు పేరు సగంసార్లు దొరికేది కాదు, నంబరైతే దొరికేది. అందుకని పల్లెల్లో కంప్యూటర్ సెంటర్లు పెట్టుకున్నవాళ్లకి ఫారాన్ని సీడీలో వేసిచ్చాను. నింపి నొక్కితే నేరుగా మా నంబరుకి వస్తుంది. ప్రాక్సీ జాబితాలో నర్సింగు స్కూలుని మొదట పెట్టాను కాబట్టి అటే పోతుంది. చక్కగా పనిచేసింది, నా భుజం నేనే తట్టుకున్నాను.

ఇక పరబ్రహ్మం మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరై ట్రస్టుకి సెక్రటరీ అయ్యారు. ఆయనకి ప్రతీదీ కాగితం మీద ఉండాలి, కాగితం ఫైల్లో ఉండాలి, ఫైలు మీద ఆయన సంతకం ఉండాలి. ఛైర్మన్‌గారి షష్టిపూర్తికి ఇంకో సైటు పెట్టించారు, జనం శుభాకాంక్షలు రాసి పంపడానికి. కొత్త ప్రోగ్రాము రాయడానికి బద్ధకించి నర్సింగు దరఖాస్తులు తీసుకునే ప్రోగ్రామునే కాపీ కొట్టి అక్కడ పెట్టాను. ఎవరేం పంపినా దాచుకుని, 'అందింది, ధన్యవాదాలు' అని జవాబిస్తుంది.

బుధవారం మధ్యాహ్నం ఆయన ప్రాక్సీ జాబితా ప్రింటు పట్టుకుని వచ్చారు.

"ఏమ్మాయ్, ఇదేంటి? ఛైర్మన్‌గారిది అయిదోదా? మామిడికాయల రేట్ల కింద?"

"అది కంప్యూటర్ చదువుకునే జాబితా మాస్టారూ. మనుషులు చూసేది కాదు."

"ఫైల్లో ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది."

"అయితే మనుషులు చూసేదే. శుభలేఖలో తాతగారి పేరు మనవల పేర్ల కింద వేస్తారా ఎక్కడన్నా? షష్టిపూర్తి చేసుకునే పెద్దమనిషిని తీసుకెళ్లి మామిడికాయల కింద పడేస్తావా?"

అప్పుడు చెప్పాలి నేను, ఆ మొదటి చోటుకి ఓ పనుంది మాస్టారూ అని. చెప్పలేదు. మార్జిను చాల్లేదని ఆ పొద్దున్నే నా ప్రింట్లు మూడు వెనక్కి కొట్టారాయన. ఒళ్లు మండిపోతోంది నాకు. "ఇదిగో, పైకి తెచ్చాను, చాలా?" అని జాబితాలో ఛైర్మన్‌గారి సైటుకున్న నాలుగు లైన్లూ ఎత్తి మొదట పెట్టాను. నంబరు సంగతి అప్పుడు గుర్తే లేదు. కోపంలో చేసిన పనికి కళ్లుండవని ఊరికే అనలేదు పెద్దలు.

గురువారం అయిదింటికి దరఖాస్తులు ఆపేశాం. శుక్రవారం సాయంత్రం ముప్పైమంది పేర్లు బోర్డు మీద అతికించి, వచ్చినవాళ్లకి సీటు ఉత్తరాలు ఇచ్చేశాం. శనివారం పదకొండింటికి షష్టిపూర్తి సభ. ఆ ముప్పైమందినీ వేదిక మీదికి పిలిచి ఛైర్మన్‌గారి చేతుల మీదుగా యూనిఫారాలు ఇప్పించడం, పక్కనున్న తెర మీద శుభాకాంక్షలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేయడం, అదీ కార్యక్రమం.

శనివారం ఎనిమిదిన్నరకి నేను వెళ్లేసరికి బోర్డు దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో సర్టిఫికెట్లు. వేలు పెట్టి పైనుంచి కిందికి ముప్పై పేర్లూ చదువుతోంది. అయ్యాక మళ్లీ మొదటి నుంచి.

"ఎవరు కావాలి?"

"నేను జోజమ్మనండి. మాది పెనుగొలను. నా పేరు కనపళ్లేదండి."

"మార్కులు చాలి ఉండవు."

"ఎనిమిది వందల అరవై ఒకటండి."

ఆఖరి సీటు ఏడు వందల రెండుకి పోయింది. నేను తలుపు తాళం తీస్తూ తల తిప్పకుండానే అన్నాను, "అయితే పంపేటప్పుడు బటన్ నొక్కి ఉండవు. ఇప్పుడొచ్చి నా ప్రాణం తీస్తే ఏం లాభం?"

"నొక్కామండి. సెంటరు నడిపే యోసేపన్న పక్కనే ఉన్నాడు. అందింది, ధన్యవాదాలు అని వచ్చింది. గురువారం పొద్దున పదింటికండి." ఆ పిల్ల గొంతు పెంచలేదు. "రెడ్డిగూడెం తోటల్లో కాయలు సర్దే పనికి పోతన్నానండి. ఇవాళ మానేసి మొదటి బస్సుకొచ్చా. ఈ ఒక్క యేడేనంట కదండీ ఉచితం? ఒక్కసారి చూడండి మేడమ్."

దాని నోరు మూయించడానికే చూశాను. నిజం చెబుతున్నాను, దయతో కాదు. వచ్చిన దరఖాస్తుల్ని టైము వారీగా తెరిచాను. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ఎ.కొండూరు నుంచి ఒకటి. ఆ తర్వాతవన్నీ టౌన్లో మా ల్యాబ్ నుంచి పెట్టినవే. పల్లెల నుంచి ఒక్కటీ లేదు. ఆఖరి ఒకటిన్నర రోజులో, నేను సీడీలిచ్చిన పదమూడు ఊళ్ల నుంచి ఒక్క దరఖాస్తూ రాలేదు. అది గురువారమే నా కంటపడింది కూడా. పడితే ఏమనుకున్నాను? పీడా పోయింది, పని తగ్గింది అనుకున్నాను. అదీ నా నిర్వాకం.

బుధవారం మధ్యాహ్నం. పరబ్రహ్మం మాస్టారి ప్రింటు. నంబరుతో వచ్చినవన్నీ ఎటు పోయి ఉంటాయో అప్పుడు వెలిగింది.

శుభాకాంక్షలు తెరిచాను. 'నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి, మీ కాలేజీ సిబ్బంది.' దాని కింద, 'జోజమ్మ, తండ్రి యోహాను, పెనుగొలను, ఎనిమిది వందల అరవై ఒకటి, చిరునామా చర్చి వీధి.' దాని కింద, 'మామిడి రైతుల ఆశాజ్యోతికి జేజేలు.' దాని కింద ఇంకో పిల్ల, ఇంకో ఊరు, ఇంకో మార్కులు. లెక్కపెట్టాను. పందొమ్మిది. ఇంకో రెండున్నర గంటల్లో ఇవన్నీ ఊరి ముందు తెర మీద ఛైర్మన్‌గారికి శుభాకాంక్షలుగా వచ్చేస్తాయి.

"దొరికిందా మేడమ్?" గుమ్మంలోంచి అడిగింది జోజమ్మ.

"చూస్తున్నా. అక్కడ కూర్చో. ఎక్కడికీ వెళ్లకు."

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యోమని అరవడం మొదలుపెట్టింది. అది ఇరవై నిమిషాలకు మించి ఆగదు. ఆ పందొమ్మిదీ ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని పాత జాబితాలో మార్కుల వారీగా కలిపాను. రెండుసార్లు కొట్టేసి రాశాను. పందొమ్మిదిమందిలో పదకొండుమంది మొదటి ముప్పైలోకి వస్తున్నారు. జోజమ్మది ఏడో స్థానం. అంటే బోర్డు మీదున్నవాళ్లలో చివరి పదకొండుమంది పోవాలి. సీట్లు పెంచడానికి లేదు, ప్రభుత్వం అనుమతిచ్చింది ముప్పైకే.

బోర్డు మీద ముప్పయ్యో పేరు శ్రుతి. ఎ.కొండూరు గుడి పూజారిగారి అమ్మాయి. ముందురోజు సాయంత్రం ఉత్తరం తీసుకుని నా రెండు చేతులూ పట్టుకుంది. "మా నాన్నకి ఇవాళ నిద్ర పట్టదు మేడమ్" అంది నవ్వుతూ.

కాగితాలు పట్టుకుని మాస్టారి గదికి పరుగెత్తాను. పట్టుపంచె కట్టుకుని, దండల లెక్క చూసుకుంటున్నారాయన. చెప్పాను. సగంలోనే కుర్చీలో కూలబడ్డారు.

"అంటే, నేను మార్చమన్నందుకా?"

"మార్చింది నేను మాస్టారూ."

"ఎవరెవరికి తెలుసు?"

"నాకు, మీకు."

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశారు. "అయితే తీసెయ్. ఆ పందొమ్మిదీ తీసెయ్. తెర మీద పడకూడదు. ఛైర్మన్‌గారు సంతకం చేసిన జాబితా అది, ఉత్తరాలిచ్చేశాం. వాటికి ఇప్పుడు తిరుగులేదు."

"బయట ఆ పిల్ల కూర్చునుంది మాస్టారూ. ఎనిమిది వందల అరవై ఒకటి."

"పల్లెల్లో లైన్లు సరిగా ఉండవు, అక్కడే పోయిందంటాం. అబద్ధం కూడా కాదు, పోతూనే ఉంటాయిగా."

"ఇది పోలేదు. వచ్చింది. నేను తప్పు గదిలోకి తోలాను."

"సుధా, నా మాట విను." నన్ను పేరు పెట్టి పిలిచారు, ఎప్పుడూ పిలవరు. "నీ ఉద్యోగం పోతుంది, నా పరువు పోతుంది. అది అలా ఉంచు. శ్రుతి వాళ్ల నాన్న నా శిష్యుడు. మనవాళ్ల పిల్ల. కొత్త ఓణీ వేసుకుని ముందు వరసలో కూర్చుంటుంది. దాని పేరు పిలిచి లేపి, నీకు సీటు లేదు పొమ్మంటావా? పదకొండుమందిని అలా లేపుతావా? ఆ ఉసురు ఎవరికి తగులుతుందంటావ్?"

ఉద్యోగం మాట నన్నంతగా కదిలించలేదు. ఈ మాట కదిలించింది. నాకూ ఆ పిల్ల చేతులు గుర్తొచ్చాయి. మనవాళ్ల పిల్ల అన్నప్పుడు నా లోపల ఏదో ఆయన వైపు ఒరిగింది, దాచుకోవడం దేనికి. కాగితాలు తీసుకుని ల్యాబ్‌కి వచ్చేశాను.

అప్పటికి కరెంటొచ్చింది. శుభాకాంక్షలు తెరిచి పందొమ్మిదీ గుర్తు పెట్టాను. తీసేయాలంటే ఒక్క మీట చాలు. ఈ కంప్యూటర్లో పోయి, చేతిలో కాగితం చింపేస్తే ఇంకెక్కడా ఉండవు, అడిగేవాళ్లూ ఉండరు. బయట మైకులో 'హలో, మైక్ టెస్టింగ్' అంటున్నారు. పదింబావు. నా బుర్ర నాతోనే బేరాలాడుతోంది. పోనీ జోజమ్మ ఒక్కదాన్నే లోపలికి తెస్తే? అప్పుడు శ్రుతి ఒక్కతే పోతుంది. మరి సీటు రావాల్సిన మిగతా పదిమంది? వాళ్లు రాలేదు కాబట్టి, అడగలేదు కాబట్టి? ఛీ, నా బతుకు! అనుకున్నాను.

"మేడమ్, మంచినీళ్లు ఎక్కడుంటాయండి?"

జోజమ్మ. గంటన్నర నుంచి అదే బల్ల మీద కూర్చుంది, ఎక్కడికీ వెళ్లొద్దన్నానని. దాహమేసినా అడిగి వెళుతోంది.

"వరండా చివర కుండ ఉంది."

"నేను తాగొచ్చేలోపల పిలిస్తే, ఇక్కడే ఉన్నానని చెప్తారు కదండీ?"

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పని ఆగుతుందని ఏడవలేదు. ఆ పందొమ్మిదింటినీ ఉండాల్సిన చోటుకి, నర్సింగు దరఖాస్తుల్లోకి మార్చాను. ప్రాక్సీ జాబితాలో నర్సింగు స్కూలుని మళ్లీ మొదటికి తెచ్చాను. కొత్త ముప్పై పేర్లూ ప్రింటు తీసుకుని షామియానా వెనక్కి నడిచాను.

ఛైర్మన్‌గారు కారు దిగి కుర్చీలో కూర్చుని ఉన్నారు. చుట్టూ శాలువాలు పట్టుకున్న జనం. "సార్, మీతో ఒక్క నిమిషం. ఒంటరిగా" అన్నాను. నా మొహం చూసి అందర్నీ పక్కకి జరగమన్నారు. పరబ్రహ్మం మాస్టారు మాత్రం జరగలేదు.

నిలబడే చెప్పాను. నంబరు సంగతి, జాబితా సంగతి, కాపీ కొట్టిన ప్రోగ్రాము సంగతి. నేను చెబుతున్నంతసేపూ ఆయన తలపాగా సర్దుకుంటూనే ఉన్నారు. అయ్యాక చేయి ఆగింది.

"నా పేరు ముందు పెట్టమని నేనెప్పుడడిగాను?"

"మీరడగలేదు సార్."

"మరి ఎవరు పెట్టారు?"

మాస్టారు నేల చూపులు చూస్తున్నారు. ఆయన పేరు చెప్పడానికి నాకు నోరుంది. బుధవారం నాడు ఆ నోరు ఎక్కడికి పోయిందని ఎవరడుగుతారు నన్ను?

"నేనే పెట్టాను సార్. దాంతో ఏమవుతుందో తెలిసినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే."

ఛైర్మన్‌గారు రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. బయట సన్నాయి మొదలైంది.

"మార్కుల ప్రకారం అని నలుగురిలో చెప్పాం. మార్కుల ప్రకారమే" అన్నారు చివరికి. "ఉద్యోగం సంగతి సోమవారం మాట్లాడదాం. కానీ ఈ మాట వాళ్లకి నేను చెప్పనమ్మాయ్. పుట్టినరోజు పూట దండలేసుకుని నిలబడి, పిల్లల్ని లేచిపొమ్మని నేననలేను. నువ్వే చెప్పు. మైకు తీసుకో."

తీసుకున్నాను. ముందు వరసలో ముప్పైమంది, వెనక ఊరు. తప్పు కంప్యూటర్‌ది కాదు, నాది అని మొదలుపెట్టాను. కొత్తగా వచ్చిన పదకొండు పేర్లూ చదివాను. వాళ్లలో అక్కడున్నది జోజమ్మ ఒక్కతే. మిగతావాళ్లకి సాయంత్రంలోపు కబురు పంపాలి. నీళ్లు తాగి వచ్చి షామియానా గుంజ పక్కన నిలబడ్డ ఆ పిల్ల, పేరు వినగానే కవరుని గుండెకి అదుముకుంది. తర్వాత పోయినవాళ్ల పేర్లు చదివాను. ఏ పేరు దగ్గరా ఆగకూడదని గట్టిగా అనుకున్నాను. శ్రుతి పేరు దగ్గర ఆగిపోయాను.

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఒకమ్మాయి అమ్మ మాత్రం, "ఉత్తరమిచ్చి లాక్కోవడం ఏం మర్యాదమ్మా?" అంది. మర్యాద కాదండీ అన్నాను, మైకులోనే.

పదకొండుమందీ ఒక్కొక్కరే లేచారు. ఫైలుకి ఉత్తరాలు వెనక్కి కావాలని మాస్టారు మెల్లిగా గొణిగారు. వాటిని తీసుకునే పనీ నాదే అయింది. గేటు దగ్గర నిలబడి తీసుకున్నాను. పదిమంది ఇచ్చి వెళ్లిపోయారు, కొందరు నా మొహం చూసి, కొందరు చూడకుండా. చివర శ్రుతి వచ్చింది. కళ్లు తుడుచుకునే వచ్చినట్టుంది. ఉత్తరం తీసి నా చేతిలో పెట్టబోయి ఆగింది.

"దీని మీద నా పేరే ఉంది కదా మేడమ్. ఇంకెవరికీ పనికి రాదు. నేనుంచుకోవచ్చా?"

ఉంచుకోమన్నాను.

అప్పుడే రోడ్డు మీద బస్సు దిగి వాళ్ల నాన్న పరుగులాంటి నడకతో వచ్చాడు. నుదుటి మీద విభూతి చెమటకి కారిపోయింది. గుళ్లో నైవేద్యం పెట్టి తాళం వేసి వచ్చేసరికి ఇంతసేపైందట. కూతురు చేతిలో ఉత్తరం చూసి మొహం వెలిగిపోయింది.

"అమ్మయ్య, ఇంకా పిలవలేదన్నమాట" అన్నాడు నాతో. "ఏమ్మా, వేదిక మీద మేము కూడా పక్కన నిలబడొచ్చా?"

శ్రుతి నా వంక చూసింది. ఆయన్ని వేపచెట్టు నీడకి తీసుకెళ్లి, కుర్చీ తెచ్చి వేసి, బుధవారం మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టి చెప్పాను.